మూడుసార్లు అడిగేవాడు

ఆ మనిషికి నేను నా చేత్తో కాఫీ కలిపి ఇచ్చాను. ఇన్నేళ్ళయినా ముందు గుర్తొచ్చేది అదే, ఒళ్ళు మండేదీ అక్కడే. రెండు చక్కెర ప్యాకెట్లు అడిగితే రెండూ చింపి వేసి, చెంచాతో తిప్పి మరీ ఇచ్చాను.

అప్పుడు నేను స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. అమెరికాలో దక్షిణాన ఒక చిన్న యూనివర్సిటీ ఊరు. శనివారం ఫుట్‌బాల్, ఆదివారం చర్చి, మిగతా ఐదు రోజులూ ఆ రెండింటి గురించి మాటలు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని, రెండు వైపులా మొనదేలిన బంతిని చంకలో ఇరికించుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. నాకు దాని మీద ఏ ఆసక్తీ లేదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నదాన్ని, క్యాంపస్ దాటి పని చేయకూడదు. అందుకని లోపల దొరికిన ఉద్యోగంలో చేరాను. యూనివర్సిటీ ఆటగాళ్ళ కోసమే ఒక స్టడీ సెంటర్ ఉండేది. అక్కడ లెక్కలు చెప్పే ట్యూటర్‌ని నేను.

చేరిన రోజున ట్రైనింగ్ ఇచ్చారు. వాళ్ళ అసైన్‌మెంట్లు మేము రాసిపెట్టకూడదు. వాళ్ళ దగ్గర మ్యాచ్ టికెట్లు తీసుకోకూడదు. వాళ్ళ చదువు గురించి బయటివాళ్ళతో నోరెత్తకూడదు. అన్నింటికీ ఒప్పుకుంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టాను.

అతను నా దగ్గరికి వచ్చింది రెండో సెమిస్టర్‌లో. ఆరడుగుల పైన ఉంటాడు, నల్లజాతి కుర్రాడు, మాట మెత్తన. జట్టులో సేఫ్టీ. డిఫెన్స్‌లో అందరికన్నా వెనకాల నిలబడే ఇద్దరిలో ఒకడు. ముందున్నవాళ్ళు ఎవరు ఏ తప్పు చేసినా అతను సర్దాలి. అతనే తప్పు చేస్తే ఇక వెనక ఎవరూ ఉండరు, అవతలివాడు బంతితో నేరుగా వెళ్ళి పాయింట్లు కొట్టుకుంటాడు.

మొదటి రోజు స్టాండర్డ్ డీవియేషన్ చెప్పాను, సంఖ్యలు సగటుకు ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో కొలిచే లెక్క. విని, "మళ్ళీ చెప్తారా, మ్యామ్?" అన్నాడు. చెప్పాను. "ఈ సంఖ్యలన్నీ ఒకటే అయితే ఏమవుతుంది?" అన్నాడు. అదీ చెప్పాను. మూడోసారి మొదటికే వచ్చి, "ఇది దేనికి దూరం అన్నారు?" అన్నాడు. నాకు విసుగొచ్చింది. లోపల ఏమనుకున్నానో కూడా దాచను. మా అపార్ట్‌మెంట్‌లో మేం నలుగురం అమ్మాయిలం వంట చేసుకుంటూ ఈ ఆటగాళ్ళ గురించి అనుకునే మాటే అనుకున్నాను: వీళ్ళకు బుర్ర కాళ్ళలో ఉంటుంది.

మూడో జవాబు విన్నాక అతను నోట్‌బుక్ మూసేసి, మొత్తం తన మాటల్లో నాకు తిరిగి చెప్పాడు. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పాడు. మా జట్టువాళ్ళ బరువులన్నీ సగటుకు దగ్గరగా ఉంటే ఇలా, ఇద్దరు ఏనుగుల్లాంటివాళ్ళు చేరితే అలా అని. తప్పు పట్టడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.

ఒక రోజు అడిగేశాను, ఎందుకలా ప్రతిదీ మళ్ళీ మళ్ళీ అడుగుతావని. అతను నా బల్ల మీది పెన్నులు, రబ్బర్లు, స్టేప్లర్ తీసి రెండు వరుసలుగా పేర్చాడు. అవతలి జట్టు ఇలా నిలబడితే తను ఏమని కేకేయాలో, అప్పుడు ఎడమవైపువాడు ఎటు జరగాలో, ఒకవేళ స్టేప్లర్ చివరి క్షణంలో ఇటు మారితే మొత్తం పదకొండుమందీ ఎలా మారాలో చెప్పాడు. తన పని ఒక్కటే కాదు, అందరి పనీ అతనికి కంఠతా వచ్చు. పావుగంటలో ఎనిమిది రకాలుగా పేర్చి చూపించాడు.

"అర్థమైందనుకుని అర్థం కాకుండా నిలబడితే, నా వెనకాల ఒకడు పరిగెత్తుతుంటాడు మ్యామ్. అందుకే నేను తిరిగి చెప్పగలిగేదాకా అడుగుతాను" అన్నాడు.

ఆ రోజు నుంచి అతనికి చెప్పడం నాకు ఇష్టమైన పని అయింది. అతను వచ్చే ముందు నేనే ఎక్కువ చదువుకునేదాన్ని. ఆ సెమిస్టర్‌లోనూ, తర్వాతి సంవత్సరమంతా కూడా వారానికి రెండు గంటలు మా ఇద్దరికీ లెక్కలతోనే గడిచాయి.

అతని ఆఖరి సంవత్సరం చలికాలంలో స్కౌట్లు, అంటే కుర్రాళ్ళను తూచి చూసే పెద్ద జట్ల మనుషులు, రావడం మొదలైంది. ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్ జరుగుతుంది. డబ్బున్న పెద్ద జట్లన్నీ మూడు రోజుల పాటు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. ముందుగా ఎంపికైనవాడి దశ తిరుగుతుంది. వెనకపడేకొద్దీ విలువ పడిపోతుంది. పేరే రానివాడు ఎవరో ఒకరు పిలిస్తే వెళ్ళి మళ్ళీ మొదటినుంచి నిరూపించుకోవాలి. అందుకని జట్లు ముందే మనుషుల్ని పంపి, కుర్రాళ్ళ ఆటతో పాటు ఇల్లు, వాకిలి, చదువు, కోపం అన్నీ ఆరా తీస్తాయి.

ఒక మధ్యాహ్నం స్టడీ సెంటర్ సూపర్‌వైజర్ ఒకాయన్ని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. యాభై దాటిన మనిషి, ఛాతీ మీద జట్టు గుర్తున్న పోలో షర్ట్. మా సేఫ్టీ గురించి రెండు ముక్కలు అడుగుతాడట. బయటివాళ్ళతో మాట్లాడకూడదని సంతకం పెట్టాం కదా అన్నాను. కుర్రాడు అనుమతి కాగితం ఇచ్చాడని, ఇదంతా అతని మంచికేనని సూపర్‌వైజర్ నా భుజం తట్టి వెళ్ళిపోయింది. నేను నమ్మాను. ఇంకో మాట కూడా నిజం. అంత పెద్ద జట్టు మనిషి నన్ను వెతుక్కుంటూ రావడం నాకు గొప్పగా అనిపించింది. కాఫీ కలిపింది అప్పుడే.

టైముకి వస్తాడా అని అడిగాడు. ఐదు నిమిషాలు ముందే వస్తాడన్నాను. గొడవ పడతాడా అంటే ఎప్పుడూ లేదన్నాను. ఎలా నేర్చుకుంటాడు అని అడిగాడు.

"ఏదైనా మూడుసార్లు అడుగుతాడు" అన్నాను నవ్వుతూ.

ఆయన తల ఊపుతూ రాసుకున్నాడు. నేను ఆ తర్వాతి మాట మొదలుపెట్టాను, తిరిగి మనకే చెప్పగలిగేదాకా వదలడు అని. ఆయన పెన్ను అప్పటికే ఆగిపోయింది. తండ్రి ఉన్నాడా, అమ్మాయిలెవరైనా ఉన్నారా అని పక్క ప్రశ్నకు వెళ్ళిపోయాడు. లేస్తూ, "మీవాళ్ళు లెక్కల్లో దిట్టలు కదా, మీరు చెప్తే మాకు భరోసా" అన్నాడు. నేను థ్యాంక్స్ చెప్పాను. ఆ మాటలో ఏముందో అప్పుడు నాకు తట్టలేదు. నా రంగు చూసి నాకు తెలివి అంటగట్టినవాడు, అతని రంగు చూసి అతనికి ఏది అంటగడతాడో ఆలోచించాలి కదా.

డ్రాఫ్ట్‌కు మూడు వారాల ముందు ఒక స్పోర్ట్స్ వెబ్‌సైట్‌లో లిస్ట్ వచ్చింది. ఫలానా జట్టు తీసుకోగల సేఫ్టీలు వీళ్ళు, అని. అది ఆ పోలో షర్ట్ మనిషి జట్టే. గర్వంగా తెరిచాను. ఒక్కొక్కరి కింద ఎత్తు, బరువు, పరుగు వేగం, ఆ తర్వాత నాలుగైదు వాక్యాలు. మనవాడు కింది నుంచి రెండో పేరు. బంతి ఉన్నవాడిని పడగొట్టే ట్యాక్లింగ్ బాగుంది, మైదానమంతా కలియతిరుగుతాడు. ఆ తర్వాత ఇలా ఉంది: నేర్చుకోవడం నెమ్మది, చదువు చెప్పేవాళ్ళ మాట ప్రకారం ఏదైనా మూడుసార్లు చెప్పాలి, జట్టు ఎత్తుగడలన్నీ ఉండే పెద్ద పుస్తకాన్ని బుర్రకెక్కించుకోగలడా అన్నది అనుమానమే.

అది నా వాక్యం. అడుగుతాడు అన్నది చెప్పాలి అయింది. చదువు చెప్పేవాళ్ళంటే ఇంకెవరూ కాదు, నేను. లాప్‌టాప్ మూసి, తెరిచి, మళ్ళీ చదివాను. పైన ఉన్న పేర్ల కింద ఏముందో కూడా చూశాను. ఒకడు కోచ్ కొడుకు, పుట్టుకతోనే నాయకుడు. ఇంకొకడు మైదానంలో రెండో కోచ్ లాంటివాడు. వీళ్ళిద్దరూ తెల్లకుర్రాళ్ళు.

వంటగదిలో పప్పు తాలింపు వేస్తున్న రూమ్మేట్‌కి చెప్పాను. తనది కరీంనగర్. మంచి పిల్ల, నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్న పిల్ల. తను వెనక్కి తిరక్కుండానే, "నీకెందుకే అవన్నీ? ఆనికి ఎట్లయినా కోట్లొస్తయ్. మనకు ఓపీటీ వస్తదో రాదో అది చూస్కో. అయినా నువ్వన్నది అబద్ధమా ఏంది? నీ దగ్గర మూడుసార్లు అడిగిండా లేదా?" అంది.

ఓపీటీ అంటే చదువయ్యాక ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి. మా అందరి ప్రాణం దాని మీదే. కానీ ఆ మాటకు నాకు అంత కోపం ఎందుకొచ్చిందంటే, తను అన్నదాంట్లో ఏడాది కిందటి నేనే ఉన్నాను. తాలింపు మాడే వాసన వచ్చేదాకా ఇద్దరం అరుచుకున్నాం. ఆ రోజు నేను అన్నం తినలేదు.

మర్నాడు సూపర్‌వైజర్ గదికి వెళ్ళాను. నేను చెప్పిన మాటను తిరగరాశారని, దాన్ని సరిచేయమని జట్టుకు యూనివర్సిటీ తరఫున ఒక ఉత్తరం రాయాలని అడిగాను. ఆవిడ తలుపు వేసి కూర్చుంది. మెత్తగా మాట్లాడింది. అతను ఇచ్చిన అనుమతి మార్కుల కాగితాల వరకేనట, ట్యూటర్ల మాటలకు కాదట. "నువ్వు మాట్లాడకూడదని సంతకం పెట్టావు. ఉత్తరం రాస్తే ముందు బయటపడేది నువ్వే. ఇంటర్నేషనల్ స్టూడెంట్‌వి, నీ ఫైల్‌లో అలాంటిది ఉండటం నీకే మంచిది కాదు" అంది.

నన్ను ఆయన ముందు కూర్చోబెట్టింది ఆవిడే. నా భుజం తట్టింది ఆవిడే. ఆ మాట అందామనుకున్నాను. వీసా అనే మాట ఎత్తకుండానే నన్ను ఎలా ఆపాలో ఆవిడకు తెలుసు. లేచి వచ్చేశాను. ఆవిడ మీద ఎంత కోపమో, నోరు విప్పనందుకు నా మీద అంత.

లైబ్రరీ బయట బెంచీ మీద కూర్చుని, స్కౌట్ ఇచ్చి వెళ్ళిన కార్డులోని నంబర్‌కి ఫోన్ చేశాను. ఎత్తాడు. కాఫీ ఇచ్చిన అమ్మాయివి కదా అన్నాడు కూడా.

"మీరన్నదే రాశానే" అన్నాడు.

"అడుగుతాడు అన్నాను. చెప్పాలి అని రాశారు."

"తేడా ఏముంది?"

తేడా చెప్పాను. పెన్నులు, రబ్బర్లు, స్టేప్లర్ కథ అంతా చెప్పాను. వింటున్నట్టే ఉన్నాడు. వెబ్‌సైట్‌కు తాను ఇవ్వలేదని, రిపోర్ట్ ఎప్పుడో పైకి వెళ్ళిపోయిందని, వీలైతే ఒక ముక్క కలుపుతానని అన్నాడు. చదువు బాగా సాగాలని దీవించి పెట్టేశాడు. జట్టు ఆఫీసుకు ఈమెయిల్ రాశాను. మా జట్టు మీద మీ అభిమానానికి ధన్యవాదాలు, వచ్చే సీజన్ టికెట్ల మీద తగ్గింపు కోసం ఇక్కడ నొక్కండి అని జవాబు వచ్చింది. అప్పుడు ఫోన్‌ని నేలకేసి కొట్టబోయి, కొత్తది కొనే స్తోమత లేక ఆగాను.

ఇక మిగిలింది అతనికి చెప్పడం. ఆ గురువారం సెషన్ అయ్యాక చెప్పాను. అతను లిస్ట్ అప్పటికే చూశాడు. ఎవరన్నారో తెలియక, కోచ్‌లందరినీ ఒక్కొక్కరిగా అనుమానిస్తూ వారం రోజులు గడిపాడట.

నేను సరిగ్గా ఏమన్నానో అడిగాడు. చెప్పాను. ఆ స్కౌట్ ఏమడిగితే ఆ మాట అన్నానో అడిగాడు. చెప్పాను. తర్వాత మొత్తం తనే తిరిగి చెప్పాడు, ఎక్కడా ఒక్క మాట పొల్లు పోకుండా.

"మీరు మాట్లాడే ముందు నన్ను ఒకసారి అడగాల్సింది" అన్నాడు.

గొంతు పెంచలేదు. పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. నీ మంచికే అనుకున్నాను అని నేను అన్నట్టు గుర్తు. ఆ మాట సూపర్‌వైజర్ నోట్లోంచి వచ్చింది, దాన్నే నేనూ వాడాను.

తర్వాతి వారం అతను రాలేదు. ఆ పై వారం వచ్చాడు, ప్రాబబిలిటీ అడిగాడు, నేర్చుకున్నాడు. వెళ్తూ, శనివారం తన అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అందరూ కలిసి డ్రాఫ్ట్ చూస్తున్నారని, వాళ్ళమ్మ నన్ను రమ్మందని చెప్పాడు.

శనివారం డ్రాఫ్ట్ ఆఖరి రోజు. నేను వెళ్ళేసరికి పెద్ద టీవీ ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. అతను ఫోన్‌ని మోకాలి మీద పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. సేఫ్టీ అన్న మాట వినిపించినప్పుడల్లా గదిలో చప్పుడు ఆగిపోయేది, వేరే పేరు వచ్చాక ఎవరో ఒకరు దగ్గేవారు. లిస్ట్‌లోని కోచ్ కొడుకు ముందు రోజే ఎంపికైపోయాడు. మైదానంలో రెండో కోచ్ లాంటివాడిని ఆ పోలో షర్ట్ మనిషి జట్టే తీసుకుంది. లిస్ట్‌లో మనవాడి కింద ఉన్న ఆఖరివాడిని కూడా ఎవరో తీసుకున్నారు.

వాళ్ళమ్మ నన్ను పక్కనున్న చిన్న వంటగదిలోకి పిలిచింది. మూడు గంటల దూరంలోని ఊళ్ళో స్కూల్ బస్ నడిపే మనిషి. చేతికి కాగితం పళ్ళెం ఇచ్చి, చికెన్, మాకరోనీ వడ్డించింది. తర్వాత నా ఎదుట నిలబడింది.

"మూడుసార్లు అడగమని వాడికి నేర్పింది నేనే. మా అమ్మకు షుగర్. నేను తెల్లారకుండానే బస్‌కి వెళ్ళిపోయేదాన్ని. ఇన్సులిన్ ఎంత ఎక్కించాలో తొమ్మిదేళ్ళ వయసులో వాడే చూసుకునేవాడు. నర్స్ ఏదైనా చెప్తే మూడుసార్లు అడుగు, నువ్వే తిరిగి చెప్పు, అప్పుడే సూది ముట్టుకో అన్నాను. మా అమ్మ బతికిన ఆరేళ్ళూ వాడు ఒక్క రోజు కూడా తప్పు చేయలేదు."

నేను సారీ చెప్పాను.

"నువ్వు చెడ్డదానివని నేను అనుకోవట్లేదు. కానీ నా కొడుకు గురించి వాళ్ళు నిన్ను అడిగారు, నన్ను అడగలేదు. అది నీకు వింతగా అనిపించలేదా?" అంది.

అనిపించలేదు. అదే చెప్పాను. ఆవిడ తల ఊపి, టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పళ్ళెం నేను ఖాళీ చేయలేకపోయాను.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే డ్రాఫ్ట్ అయిపోయింది. అతని పేరు రాలేదు. అరగంటకు ఫోన్ మోగింది. ఎక్కడో ఉత్తరాది జట్టు, డ్రాఫ్ట్ కానివాళ్ళతో పాటు వేసవి క్యాంపుకు వచ్చి ప్రయత్నించమంది. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళమ్మ కొట్టలేదు. కాగితం పళ్ళేలన్నీ ఏరి చెత్తసంచిలో కుక్కుతూ ఉంది.

క్యాంపు చివర్లో ఆ జట్టు అతన్ని తీసేసింది. ఇంకో జట్టు ప్రాక్టీసులకు మాత్రం పెట్టుకుంది. రెండో ఏడాది మోకాలి లిగమెంట్ తెగింది. దాంతో అయిపోయింది.

నా మాట వల్లే అతనికి డ్రాఫ్ట్ పోయిందని చెప్పను. పరుగు వేగం కొంచెం తక్కువని చాలామంది అన్నారు. అది కారణం కావచ్చు. అన్నిటికన్నా ఎక్కువ కోపం నాకు దీని మీదే. ఆ గదుల్లో ఎవరు ఏ కాగితం చూసి ఎవరి పేరు పక్కన పెట్టారో అతనికి ఎప్పటికీ తెలియదు. అడగడానికి మనిషే ఉండడు. మూడుసార్లు కాదు కదా, ఒక్కసారి అడగడానికి కూడా.

తర్వాతి సెమిస్టర్‌లో నాకు స్టడీ సెంటర్‌లో పని గంటలు ఇవ్వలేదు. బడ్జెట్ అన్నారు. నేను చదువు ముగించుకుని, అరిజోనాలో చాండ్లర్‌కి వచ్చి, చిప్‌లు తయారుచేసే కంపెనీలో చేరాను. మా టీమ్‌లో ఒకతనికి ఈ ఆట పిచ్చి. ప్రతి వసంతంలో లంచ్ టైమ్‌లో మా జట్టు ఈ సేఫ్టీని తీసుకోవాలి, ఆ సేఫ్టీ వద్దు అని లిస్టులు చదివి వినిపించేవాడు. మొన్నామధ్య ఒక కుర్రాడి గురించి, పని మీద శ్రద్ధ లేదట అని చదివాడు. ఎవరన్నారు అని అడిగాను. రాశారు కదా అన్నాడు. రాసినవాడికి ఎవరు చెప్పారు అన్నాను. ఆట గురించి సరదాగా మాట్లాడుకుంటుంటే ఇంత సీరియస్ ఎందుకు అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు చూశారు. నా బాక్స్ మూత పెట్టుకుని లేచి వచ్చేశాను. ఆ తర్వాత అతను నా ముందు లిస్టులు చదవడం మానేశాడు.

పోయిన శరదృతువులో మన సేఫ్టీ ఫోన్ చేశాడు. వాళ్ళ కౌంటీ నీటి సరఫరా విభాగంలో ఉద్యోగం, సాయంత్రాలు హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్. తన దగ్గరి పిల్లాడి కోసం ఒక కాలేజీ జట్టు మనిషి వచ్చాడట, టీచర్లతో విడిగా మాట్లాడతానన్నాడట. పిల్లాడిని, వాళ్ళమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, లేకపోతే వెళ్ళండి అన్నానని చెప్పాడు. ఆ మనిషి వెళ్ళిపోయాడట.

నా మీద ఇంకా కోపం ఉందా అని అడిగాను.

"చాలా రోజులు ఉంది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ప్రాక్టీసులు. తీరిక లేదు" అని నవ్వాడు.

నేనూ నవ్వాలని చూశాను, రాలేదు. కంపెనీ పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని మాట్లాడుతున్నాను, బయట ఎండ కాలుస్తోంది. వాళ్ళమ్మ ఎలా ఉందని అడిగాను. ఇంకా బస్ నడుపుతోందట. నా గురించి ఎప్పుడైనా అడుగుతుందా అన్నాను. లేదు అన్నాడు.